క్రోటన్ రంగులు, బెంగళూరు బాల్కనీలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రంగురంగుల ఆకుల కుండీ మొక్క క్రోటన్ గురించి అడిగినవే ఎక్కువ. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. రాసినవాళ్లలో ఎక్కువమంది బెంగళూరులో ఉంటున్నవాళ్లే కాబట్టి జవాబులు అక్కడి చలికి, అక్కడి నీళ్లకు తగ్గట్టు ఇస్తున్నాం.

ప్రశ్న: జనవరి మొదట్లో పెట్రా రకం క్రోటన్ కొన్నాం. తెచ్చిన రోజు నిండుగా మెరిసిపోతూ ఉంది. హాల్లో టీవీ పక్కన పెట్టాం. పది రోజులు తిరక్కుండానే కింది ఆకులతో మొదలై దాదాపు అన్నీ రాలిపోయాయి. ఎండిపోతోందేమోనని రోజూ నీళ్లు పోస్తున్నాను. ఇక పారేయడమేనా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: పారేయకండి. రోజూ నీళ్లు పోయడం మాత్రం ఇవాళే మానేయండి. ఆకులు రాలినందుకు చచ్చే క్రోటన్లు తక్కువ. రాలాయని కంగారుపడి పోసిన నీళ్లకు వేరు కుళ్లి పోయేవే ఎక్కువ. ఆకులు లేని మొక్క నీళ్లు తాగదు. మీరు పోసినదంతా మట్టిలోనే నిలిచి, వేళ్లకు గాలి ఆడకుండా చేస్తుంది.

ముందు మొక్క బతికుందో లేదో చూడండి. కొమ్మ మీద గోటితో చిన్న గీత గీయండి. పైపొర కింద ఆకుపచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకొంచెం కిందికి వెళ్లి మళ్లీ గీయండి. చివర్లు ఎండినా మొదట్లో పచ్చదనం ఉంటే చాలు, ఆ పచ్చదనం మొదలైన చోటికి కొంచెం కింద, ఒక కణుపుకి పైన కత్తిరించండి. తర్వాత చేతివేలిని దాని రెండో కణుపు దాకా మట్టిలోకి దించి చూడండి. జిగటగా, పుల్లటి వాసనతో ఉంటే మొక్కను మట్టిముద్దతో సహా బయటికి తీసి, మెత్తబడి నల్లగా మారిన వేళ్లను కోసేసి, పొడి మట్టి మిశ్రమంలో తిరిగి నాటాలి. వాసన లేకుండా మామూలు తడి మాత్రమే ఉంటే కుండీ కదపవద్దు, ఆరనివ్వండి.

ఇక రాలడానికి కారణాలు. మీ విషయంలో మూడు ఒకేసారి వచ్చి పడ్డాయి. నర్సరీలో అది షేడ్‌నెట్ (నీడ కోసం కట్టే వల) కింద, పగలంతా ఆకాశం కనిపించే వెలుతురులో పెరిగింది. మీ హాలు మన కళ్లకు వెలుగ్గానే ఉన్నా ఆ మొక్కకు చీకటి గదే. అంత వెలుతురు లెక్కలో కట్టుకున్న ఆకుల్ని చీకట్లో పోషించలేక వదిలేసింది. రెండోది చలి. ఇండోనేషియా, మలేషియా, ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల మొక్క ఇది. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగితే ఎదుగుదల ఆగిపోతుంది, 10 కంటే తగ్గితే ఆకులు దెబ్బతింటాయి. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు సరిగ్గా ఆ 15 చుట్టూ తిరుగుతుంటాయి. చలికాలంలో కొనడం అన్నిటికంటే కష్టమైన సమయంలో ఇల్లు మార్పించడమే. మూడోది తడి.

ఇప్పుడు చేయాల్సింది: తూర్పు బాల్కనీయో, తూర్పు కిటికీయో ఉంటే అక్కడ పెట్టండి. ఉదయపు ఎండ తగలాలి, గాలి నేరుగా కొట్టకూడదు. పై అంతస్తుల్లో ఈ రెండోది ముఖ్యం, గాలికి ఆకులు, మట్టి రెండూ అదుపు లేకుండా ఎండుతాయి. పైమట్టి ఒక అంగుళం పొడిబారాకే నీళ్లు. మీకున్న పరిస్థితిలో వారానికి ఒకసారి ఎక్కువే కావచ్చు. ఎరువు అస్సలు వద్దు. పెట్టిన చోటునుంచి కదపవద్దు. ఫిబ్రవరి చివర రాత్రులు వెచ్చబడ్డాక రాలిన ఆకుల మచ్చల దగ్గర మొటిమల్లా చిగుళ్లు పొడుచుకొస్తాయి. అప్పుడు నీళ్లు కొంచెం పెంచండి.

మరోసారి కొనేటప్పుడు మార్చి నుంచి ఆగస్టు లోపు కొనండి. తెచ్చిన వెంటనే హాల్లోకి కాకుండా రెండు మూడు వారాలు బాల్కనీలో ఉంచి, అక్కణ్నుంచి కిటికీ దగ్గరికి, ఆ తర్వాతే లోపలికి జరపండి. అసలు మాట చెప్పాలంటే క్రోటన్ ఇంటి లోపలి మొక్క కాదు. లోపల కొన్నాళ్లు ఓర్చుకునే బాల్కనీ మొక్క.

ప్రశ్న: మాది ఉత్తరం వైపు బాల్కనీ. ఎరుపు, నారింజ రంగులతో కొన్న క్రోటన్ ఏడాది తిరిగేసరికి ఒట్టి ఆకుపచ్చగా మారింది. ఎరువు తక్కువైందా? రంగు కోసం ఏదైనా మందు ఉందా?
– ఎలక్ట్రానిక్ సిటీ నుంచి

జవాబు: రంగుకి మందు లేదు, ఎండే మందు. వెలుతురు తగ్గితే మొక్క ప్రతి ఆకులోనూ పత్రహరితం పెంచుకుంటుంది. ఎరుపు, పసుపు దాని కింద మరుగున పడతాయి. ఎరువు పెంచితే, ముఖ్యంగా నత్రజని ఎక్కువున్నది వేస్తే, పచ్చదనం ఇంకా ముదురుతుంది.

ఉత్తరం బాల్కనీ అనగానే ఆశ వదులుకోనక్కర్లేదు. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. మే, జూన్, జూలైల్లో మబ్బు లేని రోజున మీ బాల్కనీలోకి పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ పడుతుంది. ఇబ్బంది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే. ఆ నాలుగు నెలలు మొక్కను దక్షిణం లేదా తూర్పు కిటికీకి మార్చగలిగితే సగం పని అయినట్టే.

వెలుతురు చాలుతోందో లేదో తేల్చుకోడానికి తేలికైన పద్ధతి: మధ్యాహ్నం 12 గంటలకు మొక్క పక్కన తెల్ల కాగితం పెట్టి, అడుగు ఎత్తులో చెయ్యి చాపండి. వేళ్లు విడివిడిగా తెలిసేలా నీడ పడితే చాలు. మసకగా, అంచులు లేని నీడ పడితే అక్కడ రంగు నిలవదు. ఫోన్లో వెలుతురును లక్స్ లెక్కన కొలిచే యాప్ ఉంటే 10 వేలు దాటిన చోటు మంచిది. వెయ్యి లోపున్న చోట మొక్క బతికితే బతుకుతుందేమో గాని రంగు మాత్రం రాదు.

చోటు మార్చడం కుదరకపోతే 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ బ్యాటెన్‌ను (పొడవాటి ట్యూబ్ లైటును) మొక్క కొసకు అడుగు, అడుగున్నర ఎత్తులో కట్టి రోజుకి 12 గంటలు వెలిగించండి. మొక్కల కోసమని అమ్మే గులాబీ రంగు లైట్లే కావాలని లేదు. లేదా రకమే మార్చండి. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలుండే గోల్డ్ డస్ట్ తక్కువ వెలుతురులో కూడా చుక్కల్ని బాగానే నిలుపుకుంటుంది. సన్నటి ఎర్రటి ఆకుల రకాలు ఆ బాల్కనీకి దండగ.

ఇంకో సంగతి. పచ్చబడిపోయిన ముదురు ఆకులు వెనక్కి మళ్లవు, కొత్తగా వచ్చేవే రంగుతో వస్తాయి. అవి కూడా పుట్టగానే ఎర్రగా ఉండవు. పెట్రా లాంటి రకాల్లో లేత ఆకు పచ్చ, పసుపు రంగుల్లో వచ్చి, ముదిరే కొద్దీ ఈనెల వెంట నారింజ, ఎరుపు తేలుతుంది. కాబట్టి చోటు మార్చాక రెండు మూడు నెలలు ఆగి చూడండి. ఒకవేళ చెట్టంతా రంగుగా ఉండి ఒక్క కొమ్మే నిండు పచ్చగా బలంగా ఎదుగుతుంటే అది వేరే విషయం, ఆ కొమ్మ పాత స్వభావానికి తిరిగిపోయింది. మొదలుకంటా కోసేయండి, లేకపోతే మిగతా కొమ్మల్ని మింగేస్తుంది.

ప్రశ్న: ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగులోకి మారుతున్నాయి. మట్టి పైన, కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంటోంది. మా అపార్ట్‌మెంట్లో బోరు నీళ్లే. కాకపోతే సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది కదా, నీళ్లు మెత్తగానే వస్తాయి. మరి ఎందుకిలా?
– వైట్‌ఫీల్డ్ నుంచి

జవాబు: ఆ సాఫ్ట్‌నరే కారణం. అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం ఇస్తుంది. అందుకే దానికి బస్తాలకొద్దీ ఉప్పు పోస్తుంటారు. నీళ్లలో కరిగిన లవణాల మొత్తం తగ్గదు, రకం మారుతుంది అంతే. గీజరుకి, వాషింగ్ మెషీన్‌కి అది మేలే. కుండీలో మాత్రం సోడియం పేరుకుని మట్టిని బిగదీస్తుంది, వేళ్లు నీళ్లు పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. ఆకుకు నీళ్లు చివరగా అందేది అంచులకే, అవే ముందు మాడతాయి.

ఆర్‌ఓ యంత్రం వదిలేసే వృథా నీళ్లు మొక్కలకు పోసి పుణ్యం కట్టుకున్నామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో లవణాలు మామూలు నీళ్లకంటే చిక్కగా ఉంటాయి. బోరు నీళ్ల ఇళ్లలో అయితే దాన్ని నేల తుడవడానికి ఉంచుకోండి, కుండీకి వద్దు.

పనికొచ్చేవి: కావేరి నీళ్లు వచ్చే కుళాయి ఉంటే అవే నిశ్చింతగా వాడొచ్చు. వాన నీళ్లు అన్నిటికంటే మంచివి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు గాలిలోని తేమ చల్లబడి కారినవి, లవణాలుండవు, బకెట్ పెట్టి పట్టుకోండి. సాఫ్ట్‌నర్‌కి ముందున్న బోరు కుళాయి దొరికినా సాఫ్ట్‌నర్ నీళ్లకంటే నయమే, దాన్ని సగం ఏసీ నీళ్లతో కలిపి వాడండి.

పేరుకున్న ఉప్పును కడగాలి. పైన తెల్లపొర ఉన్న మట్టి అర అంగుళం గీకి పారేయండి. కుండీని బాత్‌రూంలో ఎత్తు మీద పెట్టి, కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్లు మంచి నీళ్లు, అంటే 10 అంగుళాల కుండీకి 20 లీటర్ల దాకా, అరగంట సేపు నెమ్మదిగా పోస్తూ కింది నుంచి వదిలేయండి. వేసవిలో రెండు నెలలకోసారి ఇలా చేయాలి. కడిగిన రెండు వారాల తర్వాతే ఎరువు. కింద పళ్లెంలో చేరిన నీళ్లు ఎప్పటికప్పుడు పారబోయాలి, లేకపోతే దిగిన ఉప్పే మళ్లీ పైకెక్కుతుంది.

ఆకుల మీద తెల్ల మరకలకు లీటరు నీళ్లలో చెంచాడు నిమ్మరసం కలిపి, మెత్తటి గుడ్డతో తుడిచి, తర్వాత మంచినీళ్లతో ఇంకోసారి తుడవండి. మెరుపు కోసం కొబ్బరినూనె, పాలు పూయకండి. దుమ్ము అంటుకుని ఆకు రంధ్రాలు పూడుకుపోతాయి.

ప్రశ్న: మా క్రోటన్ ఆకు మధ్యలో తెగినట్టయి, ఒక్క దారంలాంటి ఈనె మిగిలి, దాని చివర మళ్లీ చిన్న ఆకు వేలాడుతోంది. ప్రతి ఆకూ అంతే. పురుగు కొడుతోందా? ఫోటో పంపుతున్నాను.
– బసవనగుడి నుంచి

జవాబు: ఏ పురుగూ కాదు, అది ఆ రకం స్వభావం. నడి ఈనె మాత్రం సాగి, పత్రదళం మధ్యలో ఆగి మళ్లీ మొదలయ్యే క్రోటన్లు ఉన్నాయి. పురుగు తింటే అంచులు చిరిగి, ఒక్కో ఆకు ఒక్కోలా ఉంటుంది. మీకు దొరికింది అంత తేలిగ్గా దొరకని రకం, జాగ్రత్తగా చూసుకోండి. అంటు కట్టాక మాకూ ఒకటి అని అడిగేవాళ్లుంటారు.

ప్రశ్న: మార్చి వచ్చేసరికి ఆకుల మీద సన్నటి లేత చుక్కలు, రంగు వెలిసిపోవడం, కొసల దగ్గర సాలెగూడులాంటి పోగులు. నర్సరీలో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా తగ్గలేదు, ఎక్కువైంది.
– జయనగర్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: ఇది ఎర్రనల్లి. ఎనిమిది కాళ్ల జీవి, పురుగు జాతి కాదు. ఇమిడాక్లోప్రిడ్ రసం పీల్చే పురుగులకు పనిచేస్తుంది గాని నల్లిని చంపదు. పైగా ఆ మందు కొట్టిన మొక్కల మీద నల్లి పెరిగిన సందర్భాలు చాలానే ఉన్నాయి. తెల్ల కాగితం మీద ఆకును తట్టి చూడండి, ఆవగింజలో నాలుగో వంతు కూడా లేని చుక్కలు కదులుతుంటే నిర్ధారణ అయినట్టే.

దీనికి వేడి, పొడి గాలి ఇష్టం. బెంగళూరులో ఫిబ్రవరి చివరి నుంచి వానలు పడేదాకా దాని కాలం. వేడి రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం చాలు. ఒకసారి కొట్టి ఊరుకుంటే గుడ్లు మిగిలిపోతాయి. అందుకే మందుకంటే వరసే ముఖ్యం.

మొదటి రోజు కుండీ మట్టిని ప్లాస్టిక్ కవరుతో కప్పి, మొక్కను పక్కకి వంచి, ఆకుల అడుగుభాగం మీద హ్యాండ్ షవర్‌తో బలంగా నీళ్లు కొట్టండి. సగం నల్లి ఇక్కడే పోతుంది. బాగా పాడైన ఆకులు తీసేసి కవర్లో కట్టి పారేయండి. సాయంత్రం లీటరు గోరువెచ్చని నీళ్లలో ముందు ఒకటిన్నర మిల్లీలీటర్ల ద్రవ సబ్బు, తర్వాత 5 మిల్లీలీటర్ల వేపనూనె వేసి, తెల్లగా పాలలా కలిసేదాకా గిలకొట్టి, ఆకుల అడుగున కారేలా కొట్టండి. కలిపినది ఆ పూటే వాడేయాలి. ఇలా ఐదు రోజులకోసారి, మూడు సార్లు. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

అప్పటికీ లొంగకపోతే నీళ్లలో కరిగే గంధకం 80 శాతం పొడి, లీటరుకు 2 గ్రాములు. అయితే వేపనూనె కొట్టాక మూడు వారాల లోపు గంధకం వద్దు, 32 డిగ్రీలు దాటిన రోజున అసలే వద్దు. ఈ రెండు హెచ్చరికలూ పెడచెవిన పెడితే నల్లితోపాటు ఆకులూ పోతాయి.

కణుపుల మధ్య తెల్లటి దూదిలా కనిపిస్తే అది పిండినల్లి, వేరే సంగతి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటీ తుడవండి. కుండీ అంచు కింద, రంధ్రాల దగ్గర కూడా చూడండి. చీమలు ఎక్కుతున్నాయంటే ఎక్కడో ఇంకా మిగిలే ఉంది.

ప్రశ్న: కొత్తగా తెచ్చిన క్రోటన్‌ను పెద్ద కుండీలోకి మార్చాలి. మట్టి ఏం కలపాలి? వేర్ల చుట్టూ ఇటుకలా గట్టి మట్టిముద్ద ఉంది, దాన్ని కడిగేయాలా?
– కేఆర్ పురం నుంచి

జవాబు: బెంగళూరు నర్సరీలకు వచ్చే మొక్కల్లో చాలావరకు గోదావరి తీరంలోని మన నర్సరీల ఊరు కడియం వైపునుంచి లారీల్లో వచ్చేవే. గోదావరి ఒండ్రు మట్టి జిగురుగా ఉంటుంది, ప్రయాణంలో ముద్ద విడిపోకుండా కాపాడుతుంది. మొక్క అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ మట్టితో తంటా లేదు. తంటా మీ కుండీలో మొదలవుతుంది. చుట్టూ కోకోపీట్ కలిపిన గుల్ల మట్టి, మధ్యలో జిగురు ముద్ద. పోసిన నీళ్లు గుల్ల మట్టిలోంచి సర్రున దిగిపోతాయి. ముద్ద ఒకసారి ఎండితే కుంచించుకుని గట్టిపడుతుంది, నీళ్లు లోపలికి పోవు. పైన తడి కనిపిస్తుంటుంది, లోపల వేళ్లు దాహంతో ఉంటాయి. రోజూ పోస్తున్నా వాడుతోందని రాసేవాళ్లలో చాలామంది కుండీల్లో జరిగేది ఇదే.

మొత్తం కడిగేస్తే సన్న వేళ్లన్నీ తెగుతాయి, క్రోటన్ దాన్ని ఓర్చుకోదు. మధ్యేమార్గం ఇది. కవరు చింపకుండా ముద్దను బకెట్ నీళ్లలో గంటసేపు ముంచండి. బయటికి తీసి కవరు కోసి, పుల్లతో చుట్టూ, అడుగున మూడో వంతు మట్టిని నెమ్మదిగా రాల్చండి. గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను రెండు మూడు చోట్ల కత్తిరించండి. మధ్యలో మిగిలిన ముద్దలోకి పెన్సిల్‌తో నాలుగైదు చోట్ల రంధ్రాలు చేసి ఇసుక నింపండి, నీళ్లకు దారి ఏర్పడుతుంది. నాటాక మొదటి రెండు నెలలు నీళ్లు పోసినప్పుడల్లా కాండం పక్కనే, ముద్ద మీదే నెమ్మదిగా పోయండి.

10 అంగుళాల కుండీకి మిశ్రమం: జల్లించిన ఎర్రమట్టి 3 లీటర్లు, వర్మీకంపోస్ట్ 2 లీటర్లు, కడిగి పిండిన కోకోపీట్ 2 లీటర్లు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) లేదా ముతక ఇసుక లీటరున్నర, వేపపిండి రెండు గుప్పెళ్లు. కట్టడాల దగ్గర దొరికే ఎం-శాండ్ (రాళ్లు పిండిచేసి తీసే ఇసుక) అయితే జల్లించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. అందులోని రాతిపొడి ఎండాక సిమెంటులా పట్టేస్తుంది. కోకోపీట్ ఇటుక కూడా రెండుసార్లు నానబెట్టి పిండాలి, చాలావాటిలో ఉప్పు ఉంటుంది. పాత ముద్దకంటే రెండు అంగుళాలు మాత్రమే పెద్దదైన కుండీ తీసుకోండి. చిన్న మొక్కను డ్రమ్ములో పెడితే వేళ్లు చేరని మట్టి తడిగానే ఉండి కుళ్లుతుంది.

ఎరువు నాటిన నెలన్నర తర్వాత. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 లీటరుకు 2 గ్రాములు, తడి మట్టి మీద అర లీటరు, మూడు వారాలకోసారి, మార్చి నుంచి సెప్టెంబరు వరకు. ఉల్లిపొట్టు నీళ్లు, టీ డికాషన్, మజ్జిగ అని అడిగినవాళ్లందరికీ ఒకే జవాబు: అక్కర్లేదు.

ప్రశ్న: ఒక ఆకును గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లొచ్చాయి. కుండీలో పెట్టి ఏడాది దాటింది. ఆకు అలాగే ఉంది, చిగురు రాదు. కొమ్మలు పెడితే కుళ్లుతున్నాయి.
– మడివాళ నుంచి

జవాబు: ఆ ఆకు అలాగే ఉంటుంది. చిగురు పుట్టాలంటే కణుపు దగ్గరి మొగ్గ కావాలి. తొడిమకు వేళ్లు రావచ్చు గాని అక్కడ మొగ్గ లేదు. గింజ నాటినా తల్లి రంగులు రావు. కాబట్టి కొమ్మో, గాలి అంటో (మొక్క మీదుండగానే కొమ్మకు వేళ్లు పుట్టించడం).

కొమ్మలు కుళ్లడానికి సాధారణ కారణం చలి నెలల్లో పెట్టడం. జూన్, జూలైల్లో పెట్టండి. మరీ లేతగా, మరీ ముదురుగా కాకుండా పెన్సిల్ మందం కొమ్మ, 12 నుంచి 15 సెంటీమీటర్లు. కింది ఆకులు తీసేసి పైన మూడు నాలుగు ఉంచి, అవి వెడల్పాటివైతే పైకి చుట్టి దారంతో కట్టండి, నీరు ఆవిరయ్యేది తగ్గుతుంది. కోసిన చోట కారే పాలను నీళ్లలో కడిగి పావుగంట ఆరనిచ్చి, వేళ్లు పుట్టించే హార్మోన్ పొడిలో అద్ది, సమానంగా కలిపిన కోకోపీట్, ముతక ఇసుకలో రెండు కణుపులు మునిగేలా గుచ్చండి. పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు బోర్లించి, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచండి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వేళ్లొచ్చాయా అని లాగి చూడటమే చాలా కొమ్మల్ని చంపుతోంది.

మొక్క పొడవుగా సాగి కింద బోసిపోయి ఉంటే గాలి అంటే మేలు. కొసనుంచి అడుగు కింద, ఒక కణుపుకు దిగువన, 2 సెంటీమీటర్ల వెడల్పున బెరడు చుట్టూ ఒలిచేయండి. కింద కనిపించే జారుడు పొరను కత్తితో పూర్తిగా గీకాలి. అది మిగిలితే బెరడు మళ్లీ కలిసిపోయి వేళ్లు రావు. అంటు పట్టలేదని చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడే తొందరపడి ఉంటారు. పై అంచున హార్మోన్ పొడి రాసి, అరగంట నానబెట్టి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచును గుప్పెడు చుట్టూ పెట్టి, పారదర్శక ప్లాస్టిక్ కప్పి రెండు చివర్లూ బిగించి కట్టండి. ఎండ తగిలే చోటైతే పైన వెండి కాగితం చుట్టండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ప్లాస్టిక్ లోంచి వేళ్లు కనిపిస్తాయి. నిండుగా అల్లుకున్నాక కింద కోసి, నాచు తీయకుండానే 6 అంగుళాల కుండీలో నాటి, మూడు వారాలు నీడలో ఉంచండి. తల్లి మొక్కకు కోసిన చోటి కింద కొత్త కొమ్మలు వస్తాయి. ఒక పనికి రెండు ఫలితాలు.

ప్రశ్న: ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంది. క్రోటన్ అంటే నేపాళం జాతే, గింజ తింటే విరేచనాలతో ప్రాణం పోతుందని మా మామగారు మొక్కను బయట పెట్టించారు. నిజమేనా?
– బెళ్లందూరు నుంచి

జవాబు: మీ మామగారిది కొంత నిజమే. 1753లో లిన్నేయస్ ఈ రెంటినీ క్రోటన్ అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. 19వ శతాబ్దంలో కుండీల క్రోటన్‌ను కోడియం అనే వేరే ప్రజాతికి మార్చారు, వాడుకలో పాత పేరే ఉండిపోయింది. తీవ్రంగా విరేచనాలు చేసే నూనె నేపాళం గింజలది. మీ కుండీలోది ఆ మొక్క కాదు. కానీ రెండూ ఆముదం కుటుంబానివే, కుండీ క్రోటన్‌కూ విషగుణం ఉంది. ఆకు నమిలితే నోరు మండుతుంది, వాంతులు, విరేచనాలు కావచ్చు. మొక్క నుంచి కారే పాలు చర్మానికి పదేపదే తగిలితే దద్దుర్లు వస్తాయి. పాకే, అందినదల్లా నోట్లో పెట్టుకునే పిల్లలున్నప్పుడు కుండీ అందని ఎత్తులోనో, తలుపు వేసిన బాల్కనీలోనో ఉండటమే సరి. రాలిన ఆకులు వెంటనే తీసేయండి. నమిలితే నోరు కడిగి, కొంచెం నీళ్లు తాగించి, ఆ ఆకు వెంట తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు. పిల్లి, కుక్క ఉన్న ఇళ్లకూ ఇదే జాగ్రత్త.

ప్రశ్న: క్రోటన్ గాలిని శుద్ధి చేస్తుందని విన్నాం. పడగ్గదిలో ఎన్ని పెట్టాలి?
– యలహంక నుంచి

జవాబు: అందం కోసం పెట్టుకోండి. మొక్కలు గాలి శుద్ధి చేస్తాయన్న మాటకు ఎక్కువగా చూపించే 1989 నాటి నాసా అధ్యయనం మూసేసిన చిన్న గదుల్లో చేసింది. కిటికీలు తెరిచే ఇంట్లో కుండీల వల్ల పడే తేడా లెక్కలోకి రాదు. పైగా పడగ్గది వెలుతురుకు క్రోటన్ నిలవదు.

ప్రశ్న: చెన్నైలో మా మేడ మీద క్రోటన్లు ఏప్రిల్ దాకా అద్భుతంగా ఉండి, మేలో ఆకుల మధ్య భాగం కాగితంలా తెల్లబడి మాడిపోతున్నాయి.
– వేలచ్చేరి నుంచి

జవాబు: చలి బాధ లేదు, గాలిలో తేమ ఉంది. క్రోటన్‌కి బెంగళూరుకంటే చెన్నైయే సుఖం. మీది ఒట్టి ఎండదెబ్బ. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ చివరి దాకా 50 శాతం షేడ్‌నెట్ కట్టండి, లేదా ఉదయం 11 తర్వాత ఎండ తగలని గోడ పక్కకి జరపండి. కుండీలు నేరుగా కాలే సిమెంటు మీద కాకుండా ఇటుకల మీద ఉండాలి, అడుగు వేడికి వేళ్లు ఉడుకుతాయి. నీళ్లు తెల్లవారుజామున. అక్టోబరు నుంచి డిసెంబరు వానలకు అవే ఇటుకలు కుండీల కింద నీళ్లు నిలవకుండా పనికొస్తాయి. సముద్రం దగ్గరి బోరు నీళ్లయితే పైన వైట్‌ఫీల్డ్ పాఠకులకు చెప్పిన కడుగుడు మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: మొక్క నాలుగడుగులు పెరిగింది, కింద ఆకుల్లేవు. పైన తెల్లటి పీచులాంటి పూల కంకి వచ్చింది. ఉంచాలా, తీసేయాలా? కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలి?
– రాజరాజేశ్వరి నగర్ నుంచి

జవాబు: ఆ తెల్లటివి మగపూలు. ఆడపూలు వేరే కంకి మీద, రేకుల్లేకుండా పచ్చగా చిన్నవిగా వస్తాయి. ఉంచితే నష్టం లేదు, కానీ రాలి ఆకుల మీద అంటుకుని మరకలవుతాయి. గింజ పెంచే పని లేదు కాబట్టి తుంచేయండి.

కత్తిరింపు ఫిబ్రవరి చివర మొదలుపెట్టి జూన్ లోపు ముగించండి. చలికాలంలో కోస్తే కొమ్మ మొద్దు నెలల తరబడి అలాగే నిలబడి, వెనక్కి ఎండుకుంటూ వస్తుంది. ఒకేసారి మొత్తం ఎత్తులో మూడో వంతుకు మించి తీయవద్దు. నాలుగడుగుల మొక్కకు ఈ ఏడాది అడుగుంపావు, మళ్లీ వచ్చే ఏడాది ఇంకొంత. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో, కణుపుకి అర సెంటీమీటరు పైన, కొంచెం ఏటవాలుగా కోయండి. చేతికి తొడుగులు, ఒంటిమీద పాత బట్టలు ఉండాలి, ఈ పాలు ఎండితే పడే గోధుమరంగు మరక ఉతికినా పోదు. కోసిన చోట తడిగుడ్డ రెండు నిమిషాలు ఒత్తిపట్టుకుంటే కారడం ఆగుతుంది. కొత్త కొమ్మలు అరచేతి పొడవు వచ్చాక వాటి కొసలు గిల్లితే మరో రెండేసి కొమ్మలు చీలుతాయి. కుండీని వారానికోసారి పావు వంతు తిప్పండి, లేకపోతే గుబురంతా కిటికీ వైపే తిరుగుతుంది.